జవాబు చెప్పని మనిషి

మా విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో గురువుగారని ఒకాయన ఉండేవారు. ఆయన ఏ ప్రశ్నకూ జవాబు చెప్పేవారు కాదు. చెవుడు లేదు, పొగరు అంతకన్నా లేదు. అడిగినవాడి మొహంలోకి ఎంతో ఆసక్తిగా చూసి, "నీకేమనిపిస్తోంది?" అనేవారు. అడిగింది పెద్దవాళ్లయితే "మీకేమనిపిస్తోంది?" అనేవారు. అంతే తేడా.

ఇది పుట్టుకతో వచ్చిన గుణం కాదు, ఉద్యోగంతో అంటుకున్నది. పరిశోధన వ్యాసాలన్నిటినీ ఒకచోట చేర్చి, విద్యార్థులు కంప్యూటర్లో వెతుక్కునేలా మా గ్రంథాలయం ఒక ఆన్‌లైన్ భాండాగారం తయారుచేయిస్తోంది. దాన్ని కట్టేది నేను. కట్టింది పనికొస్తుందో లేదో చూసేది ఆయన. ఒక్కో విద్యార్థిని గదిలో కూర్చోబెట్టి, ఫలానా వ్యాసాలు వెతకమని చెప్పి, ఎక్కడ తడబడుతున్నారో పక్కన కూర్చుని రాసుకోవాలి. "ఇది నొక్కనా సార్?" అంటే ఔననకూడదు, కాదనకూడదు. మనం ఒక్క మాట చెప్పామా, ఆ తర్వాత వెతికేది విద్యార్థి కాదు, మనమే అని ఆయన వాదన. పదిహేడేళ్లు ఆ కుర్చీలో కూర్చునేసరికి ఆ పద్ధతి బాగా ఒంటబట్టింది.

ఒకసారి లిఫ్టు దగ్గర కొత్తగా వచ్చిన ప్రొఫెసరు ఒకాయన, ఇది పైకి వెళుతుందా కిందికా అని అడిగారు. గురువుగారు జేబులోంచి నోటుపుస్తకం తీసి, అసలు ఆ అనుమానం ఎందుకొచ్చింది, ముందు ఏ బొత్తాం చూశారు, చూడగానే ఏమనుకున్నారు అని మొదలుపెట్టారు. ఈలోగా లిఫ్టు వెళ్లిపోయింది. ప్రొఫెసరు ఆయాసపడుతూ నాలుగంతస్తులు ఎక్కారు. మరుసటి వారం లిఫ్టు పక్కన జానెడు బాణం గుర్తు వెలిసింది గానీ, ప్రొఫెసరు మాత్రం ఈయన కనిపిస్తే ఇప్పటికీ మెట్లే ఎక్కుతారు.

పంటి డాక్టరు ఏ పన్ను నొప్పి అని అడిగితే అక్కడా అదే మాట. డాక్టరుకు అనిపించిన పన్ను వేరు, నొప్పెట్టే పన్ను వేరు. రెండూ పోయాయి. అయినా ఆయనకు డాక్టరు మీద కోపం లేదు. పళ్ల ఎక్స్‌రే మీద కుడి ఎడమలు రాసి ఉండవని, పాపం డాక్టరు మాత్రం ఏంచేస్తాడని బుగ్గ పట్టుకుని మరీ నాకు వివరించారు.

ఇంట్లో ఆయన భార్య అవస్థ వేరే చెప్పాలా? "కూరలో ఉప్పు సరిపోయిందా అంటే, నీకేమనిపిస్తోంది అంటారు. నేనింకా ముద్ద నోట పెట్టలేదు, నాకేమనిపిస్తుంది నాయనా?" అని ఆవిడ నా దగ్గర మొరపెట్టుకున్నారు. మరి పెళ్లికి ముందు, మీరు నచ్చారా అని అడిగితే ఏమన్నారని అడిగాను. అప్పటికి ఆయనకింకా ఈ ఉద్యోగం రాలేదు కాబట్టి బతికిపోయానని ఆవిడ అన్నారు.

నాకు ఆయనంటే గౌరవమే గానీ, దాంతోపాటు ఒళ్లుమంట కూడా ఉండేది. ఓ పరీక్షలో ఉండబట్టలేక "ఎడమవైపు చూడు" అని అరిచినందుకు నన్ను పక్కగదికి తరిమేశారు. అక్కడ కెమెరాలో విద్యార్థి మొహం కనిపిస్తుంది, మాట వినిపిస్తుంది, తెర మాత్రం కనిపించదు. తెరను అక్కడ చూపించే తీగ ఆయనే పీకేశారు. తెర నువ్వు రోజూ చూసేదేగా, ఇకనైనా మొహాలు చూడు అన్నారు.

సోమవారం భాండాగారం అందరికీ తెరవాలి. అంతకుముందు ఆరుగురితో పరీక్ష. మొదటి అయిదుగురూ ఒకేచోట ఆగిపోయారని గురువుగారు చెప్పారు. ఎందుకంటారు అని అడిగితే, ఏమన్నారో వేరే చెప్పక్కర్లేదు. పిల్లలకు ఓపిక లేదని నాకు నేనే తీర్పు చెప్పుకున్నాను.

ఆరోవారు ఒక నర్సమ్మ. ఆసుపత్రిలో పనిచేస్తూ, పద్నాలుగేళ్ల తర్వాత మళ్లీ చదువుకు వచ్చారు. మంచాన పడ్డ రోగులకు వీపున పడే పుండ్ల గురించి గత అయిదేళ్లలో వచ్చిన వ్యాసాలు మూడు వెతకడం ఆవిడకిచ్చిన పని. వెతికితే పదకొండు వేలు వచ్చాయి. అన్నిటికన్నా పైనున్నది వాళ్లమ్మ పుట్టకముందుదని ఆవిడ అన్నారు.

"ఏ ఏడాది నుంచి కావాలో ఎంచుకునేది ఎక్కడుంది సార్?"

"ఎక్కడుంటుందనుకుంటున్నారు?"

"అనుకోవడం అయిపోయింది సార్. వెతకడం కూడా అయిపోయింది."

గడియారం చూశాను. తొమ్మిది నిమిషాలు. ఎడమవైపే కదమ్మా, నిలువునా అంత పెద్ద పెట్టె పెట్టాను కదా అని పక్కగదిలో నేను గోడకు చెప్పుకుంటున్నాను. పదకొండో నిమిషంలో ఆవిడ మౌసు మీంచి చెయ్యి తీసేశారు.

"ఎంత ముసలివాళ్లకైనా చేతిలో నరం పట్టుకుని సూది వెయ్యగలను సార్. ఇది నావల్ల కావట్లేదు. మా క్లాసులో అందరూ నా కూతురి ఈడు పిల్లలు. వాళ్లు చిటికెలో చేసేస్తారు. నాకెందుకొచ్చిన చదువు? రేపు ఆఫీసుకెళ్లి పేరు తీయించుకుంటాను."

మనిషన్నవాడు అప్పుడైనా చోటు చూపిస్తాడు. గురువుగారు కలం మూసి, గోడవైపు తిరిగి, "ఏమోయ్, ఒకసారి ఇలా రా" అన్నారు.

వెళ్లాను. ఆవిడ కుర్చీలో నన్ను కూర్చోబెట్టి, అదే పని నాకిచ్చారు. నవ్వొచ్చింది. నేను కట్టిన ఇంట్లో నాకు దారి తెలియదా? ఎడమవైపు చూశాను. పెట్టె లేదు. కుడివైపు చూశాను. పైన చూశాను. నా బల్ల మీద ఉన్న తెర తలుపంత వెడల్పు. ఇక్కడున్నది విద్యార్థుల హాల్లో ఉండేలాంటి చిన్న తెర. చోటు చాలక నా పెట్టె ఎక్కడికో ముడుచుకుపోయింది. చిన్న తెర మీద నేను ఒక్కనాడూ చూసుకోలేదు. రెండు నిమిషాలకు మెడ మీద చెమట పట్టింది.

"గురువుగారూ, ఇక్కడే ఉండాలే. ఎక్కడికి పోయింది?"

"నీకేమనిపిస్తోంది?" అన్నారు ఆయన, నోటుపుస్తకం తెరుస్తూ.

నర్సమ్మ నాకేసి జాలిగా చూసి, ఈయన కూడా మొదటి ఏడాదా సార్ అని అడిగారు. కాదమ్మా, దీన్ని కట్టింది ఈయనే అని గురువుగారు చెప్పారు. ఆవిడ మొదట నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు, తర్వాత అదీ తీసేసి హాయిగా నవ్వారు. పదకొండు వేల వ్యాసాల జాబితాలో మొదటి పేజీ అట్టడుగున, గోరంత గుర్తు కింద నా పెట్టె దొరికేసరికి ఆరు నిమిషాలయింది.

గురువుగారు నోటుపుస్తకం ఆవిడ ముందు పెట్టారు. నేనూ చూశాను. అయిదుగురు పిల్లలు, అయిదు పేజీలు. ఏ పేజీలోనూ విద్యార్థి కనుక్కోలేకపోయాడని లేదు. అన్నిచోట్లా "తెర చూపించలేదు" అని ఉంది. రెండో నిమిషంలోనే ఆయన చోటు చెప్పి ఉంటే, చెప్తే తప్ప చేతకానిదాన్నని ఆవిడ అనుకుంటూ ఇంటికి వెళ్లేవారు, నేను సోమవారం దర్జాగా తలుపులు తెరిచేవాణ్ణి. నాకు నిజంగా సిగ్గేసింది.

ఆవిడ అయిదు పేజీలూ నింపాదిగా చదివారు. చదివి, "అయితే సార్, పేరు తీయించుకోనా, వద్దా?" అని అడిగారు.

ఆయన ఎప్పటిలాగే ఆవిడ మొహంలోకి ఎంతో ఆసక్తిగా చూశారు. ఈ ఒక్కసారికి ఆ మాట అనకండి మహాప్రభో అని మనసులో దండం పెట్టుకున్నాను.

"వద్దమ్మా," అన్నారు గురువుగారు.

సోమవారం వాయిదా పడింది. రెండు వారాలు నేను చిన్న తెర ముందు కూర్చుని పెట్టెను పైకి తెచ్చాను. గురువుగారి నివేదిక గ్రంథాలయ డైరెక్టరుగారి దగ్గరికి వెళ్లింది. దాని చివర, "ఆరో పరీక్ష చెల్లదు. పరీక్షకుడు నోరు జారాడు" అని ఉంది. ఏమని జారారని డైరెక్టరుగారు నన్ను పిలిచి అడిగారు. జరిగింది చెప్పాను. డైరెక్టరుగారు కలం తీసి, ఆ వాక్యం పక్కనే "చెల్లుతుంది" అని రాసి సంతకం పెట్టారు. ఇది పద్ధతి కాదని గురువుగారు నెల్లాళ్లు పోట్లాడారు. ఆ నెల్లాళ్లలో నర్సమ్మ హాల్లో కిటికీ పక్కన కూర్చుని, మూడు వ్యాసాలతో మొదలుపెట్టి నలభై చదివారు.