ఓక్ చెట్టు కింద, కొట్లో కొన్న పుట్టగొడుగులు

పక్కింటి పెద్దమ్మ పోయిందని మా అక్క మెట్ల మీద నుంచి చెప్పినప్పుడు నేను నమ్మలేదు. "ఊరుకో అక్కా, ఇలాంటి వేళాకోళాలు నా డిపార్ట్‌మెంట్" అన్నాను. మా అక్క నన్ను తిట్టకుండా ఊరుకుందంటే ఆ వార్త నిజమే అయ్యుండాలి.

మేముండే ఊరు అరోరా. ఇంటర్ రెండుసార్లు తప్పి, అక్క నా కోసం వేసిన వీసా పిటిషన్ పుణ్యాన ఈ దేశం వచ్చి, అక్కావాళ్ల బేస్‌మెంట్‌లో ఉంటూ, ఇండియన్ గ్రోసరీలో కూరగాయలు సర్దుతుంటాను. పార్టీల్లో "మీరు ఏ కంపెనీ అండీ?" అని అడుగుతారు. "బెండకాయలండీ" అంటాను. నవ్వుతారు. నవ్వి, ప్లేటు పట్టుకుని ఇంకో మూలకు వెళ్లిపోతారు. మా వీధిలో సాఫ్ట్‌వేర్ కానివాళ్లం ఇద్దరమే, నేనూ పక్కింటి పెద్దమ్మా.

ఆవిడ పోలండ్ మనిషి. ఇరవై ఏళ్ల వయసులో వచ్చేసి, కట్టుడుపళ్లు తయారుచేసే ల్యాబ్‌లో పనిచేసి రిటైరైంది. "ముప్ఫై ఏళ్లు ఊళ్లోవాళ్ల నవ్వులు నేనే చేశాను" అనేది. భర్త పోయాడు. కూతురు ఫ్రీమాంట్‌లో ఉద్యోగం. మా ఇద్దరి ఇంగ్లీషూ కుంటిదే, అందుకే ఒకరి మాట ఒకరికి బాగా తెలిసేది. ఇక్కడ అదంతా తెలుగులో రాస్తున్నాను, మీరు సర్దుకోండి.

ఒకరోజు వెళ్లేసరికి ఫోన్ చెవికి ఆనించుకుని కళ్లు మూసుకుని కూర్చుని ఉంది. బ్యాంకు నంబరుకు చేసి, పోలిష్ భాషకు ఏ అంకె నొక్కాలో అది నొక్కి, రికార్డు చేసిన గొంతు చెప్పేదంతా వింటోంది.

"బ్యాంకుతో ఏమైనా పనుందా పెద్దమ్మా?"

"ఏం లేదు. ఈ అమ్మాయి చక్కగా మాట్లాడుతుంది."

నవ్వొచ్చింది కానీ నవ్వలేదు. నేనూ అంతే కదా, కొట్లో ఎవరైనా గోదావరి యాసలో "దోసకాయలు లేతగా ఉన్నాయా?" అని అడిగితే వాళ్ల వెనకాలే కౌంటర్ దాకా నడుస్తాను.

నా బుద్ధి మీకు చెప్పాలి. తెలుగులో "సార్" అనడానికి "ఒరేయ్" అంటారని ఆవిడకు నేర్పాను. అక్కావాళ్ల వినాయక చవితికి వచ్చి, ఏదో కంపెనీ డైరెక్టరుగారికి చేతులు జోడించి "ఒరేయ్" అంది. అక్క వారంపాటు నాకు అన్నం పెట్టలేదు. అసలు అర్థం తెలిశాక పెద్దమ్మ ఆ మాట నాకొక్కడికే అట్టిపెట్టింది. ఈ దేశంలో నన్ను ఒరేయ్ అనేవాళ్లు అక్క కాకుండా ఆవిడొక్కతే.

ఆకులు రంగు మారే రోజుల్లో ఆవిణ్ణి కారులో అడవికి తీసుకెళ్లేవాణ్ణి. ఆవిడకు తెలిసిన రైతు పొలం వెనకాల పెద్ద ఓక్ చెట్లున్నాయి, ఏరుకోవడానికి ఆయన ఎప్పుడో ఒప్పుకున్నాడు. పోలండ్‌వాళ్లకు పుట్టగొడుగులంటే మనకు ఆవకాయ కాయలు ఏరడమంత పట్టింపు. ఏ చెట్టు కింద మొలుస్తాయో కన్నబిడ్డకు కూడా చెప్పరట. బుట్టా, చిన్న చాకూ పట్టుకుని, చేతిలోంచి జారిన సూది వెతికినట్టు వంగి నడిచేది. "ఇక్కడి అడవి మంచిదే. మా అడవి వాసన మాత్రం దీనికి రాదు" అనేది.

ఒక ఏడాది వానల్లేవు. మూడు వారాలు ఉత్త బుట్టతో తిరిగొచ్చాం. నాలుగో వారం నేను ముందురోజే వెళ్లి, మా కొట్టు నుంచి తెచ్చిన రెండు పెట్టెల తెల్ల పుట్టగొడుగుల్ని ఓక్ చెట్టు కింద ఆకుల్లో గుచ్చొచ్చాను. మర్నాడు పెద్దమ్మ అక్కడ ఆగింది. మోకాళ్ల మీద కూర్చుంది. ఒక్కొక్కదాన్నీ జాగ్రత్తగా తీసి బుట్టలో వేసుకుంది. నేను చెట్టు వెనక నోరు నొక్కుకుని చస్తున్నాను. సాయంత్రం సూప్ చేసి నా ముందు పెట్టింది.

"అడవి రుచి తెలుస్తోందా?"

"అద్భుతం పెద్దమ్మా!"

"తెలుస్తుంది మరి. మీ కొట్టు స్టిక్కర్‌తో సహా మొలిచింది" అని, ధర అంటించిన స్టిక్కర్ తీసి నా కంచం అంచుకు అతికించింది.

ఇక నేను చేసిన పాపం. ఆవిడ పోలండ్ పౌరసత్వం కోసం దరఖాస్తు పెట్టి, రోజూ పోస్టు పెట్టె దగ్గర నిలబడేదని నాకు తెలుసు. అసలు ఆ పౌరసత్వం ఎందుకు పోయిందో, ఎందుకు మళ్లీ అడుగుతోందో తెలీదు, నేనూ అడగలేదు. ఇక్కడి మన కుర్రాళ్లలో ఇదో ఆట. "నీ వీసా కేన్సిల్ అంట్రా" అని ఒకణ్ణొకడు ఏడిపించుకోవడం మామూలే. అదే ధోరణిలో ఏప్రిల్ ఒకటిన ఒక ఉత్తరం ప్రింట్ తీసి, బంగాళాదుంప మీద పోలండ్ సర్కారు ముద్రలో ఉండే గద్దబొమ్మ చెక్కి ముద్ర కొట్టి, ఆవిడ పెట్టెలో వేశాను. మొదటి వాక్యం: "ఈ పత్రం గలవారు పోలండ్ పౌరులు కారు." రెండోది: "పుట్టగొడుగుల సూప్ రెండు గిన్నెలు పక్కింటివాడికి పంపితే అప్పుడు ఆలోచిస్తాం."

పెద్దమ్మ రెండో వాక్యం దాకా చదవలేదు.

మధ్యాహ్నం చూస్తే కోటు వేసుకుని, గుమ్మం మెట్టు మీద, ఒళ్లో ఆ కాగితంతో కూర్చుని ఉంది. నవ్వుకుంటూ వెళ్లాను. నా మొహం చూసి ఎవరి పనో అర్థం చేసుకుంది. లోపలికి వెళ్లి, ఇంకో కాగితం తెచ్చి నా చేతిలో పెట్టింది. పాతది, మడతల దగ్గర చిరిగింది, ఇరవై ఏళ్ల పిల్ల ఫొటో ఉంది.

"ఇక్కడ ఏం రాసుందో తెలుసా? నువ్వు రాసిన మొదటి వాక్యమే."

పందొమ్మిదివందల అరవై ఎనిమిదిలో అక్కడి సర్కారు యూదుల మీద పడిందట. ఆవిడ నాన్నను ఉద్యోగంలోంచి తీసేశారు, ఆవిణ్ణి యూనివర్సిటీలోంచి పంపేశారు. "మా ఇంట్లో అందరం పోలిష్‌లోనే తిట్టుకునేవాళ్లం, పోలిష్‌లోనే కలలు కనేవాళ్లం. నేను యూదురాలినని రేడియో చెప్పేదాకా దాని గురించి ఆలోచించనే లేదు" అంది. దేశం వదిలిపోవచ్చు, కానీ పౌరసత్వం వదులుకోవాలి. స్టేషన్లో స్నేహితులు ఏడుస్తుంటే, తిరుగు టికెట్ లేని రైలెక్కి, ఈ కాగితంతో వచ్చేసింది.

"పెద్దమ్మా, నాకు తెలీదు..."

"నీకు తెలీదని నాకు తెలుసు. ఇంటికి వెళ్లు."

ఒరేయ్ అనలేదు. తలుపు వేసుకుంది.

ఆ వేసవంతా ఆ తలుపు తియ్యలేదు. వంకాయలు గుమ్మం దగ్గర పెడితే మా మెట్ల మీదకు తిరిగొచ్చేవి. క్షమించమని మూడుసార్లు రాశాను, మూడూ చింపేశాను. ఉత్తరాలు రాసే మొహమేనా నాది? "నీ నోటికి మనుషులు మిగలర్రా" అని మా అమ్మ చెప్పిన మాట అప్పుడు నిజమైంది.

సెప్టెంబరు ఆఖర్లో ఒక్కణ్ణే అడవికి వెళ్లాను. ఏరడం నాకు చేతకాదు, ఏది విషమో తెలీదు. ఊరికే వెళ్లాను. ఓక్ చెట్టు కింద, ఆకుల మధ్య, తెల్లగా, గుండ్రంగా, స్కూలు పిల్లల్లా వరసలో పుట్టగొడుగులు. ఒకటి పీకి చూశాను. వేరు లేదు. కాడ కత్తితో కోసినట్టు సాపుగా ఉంది. మూడోదాని నెత్తి మీద మా కొట్టు స్టిక్కర్.

ఆ చెట్టు కింద కూర్చుని పిచ్చివాడిలా నవ్వాను. తర్వాత ఏడ్చాను. ఏరుకుని తెచ్చి పక్కింటి తలుపు కొట్టాను. పెద్దమ్మ బుట్టలోకి చూసి, "ఒరేయ్, ఈ ఏడు వానలు బాగున్నట్టున్నాయే" అంది.

అసలు ఉత్తరం మరుసటి వసంతంలో వచ్చింది. కవరు చించకుండా నా దగ్గరికే తెచ్చి, "నిజం చెప్పు, ఇది కూడా నీ దుంప ముద్రేనా?" అని అడిగింది. అమ్మతోడు కాదన్నాను. చించి చదివింది. మళ్లీ చదివింది.

"నా పౌరసత్వం ఎప్పుడూ పోలేదట. అప్పుడు తీసుకోవడమే చెల్లదట. యాభై ఏళ్లకు పైగా వాళ్లు తీసుకోనిదాని కోసం ఏడ్చాను" అంది. పోలండ్ వెళదాం, నేను తీసుకెళ్తానన్నాను. "స్టేషన్లో ఏడ్చినవాళ్లు ఎవరూ మిగల్లేదురా" అని కాగితం మడిచి, పాతదాని పక్కనే పెట్టింది.

ఆవిణ్ణి మట్టి చేసిన రోజు, ముందు కూతురు, ఆ వెనక నేను, పారతో మట్టి వేశాం. తర్వాత కూతురు నా పక్కన నిలబడి అడిగింది.

"ఒక సెప్టెంబర్‌లో నేను మా యూదుల కొత్త సంవత్సరం పండక్కి వచ్చినప్పుడు అమ్మ నన్ను ముందు మీ కొట్టుకి, అక్కణ్ణుంచి అడవికి డ్రైవ్ చేయించింది. ఆ మోకాళ్లతో బురదలో అరగంట కూర్చుంది. ఏం చేస్తున్నావమ్మా అంటే, ఒక ఉత్తరానికి జవాబు రాస్తున్నా అంది. ఏ ఉత్తరం?"

చెప్పాను. ఆ అమ్మాయి నవ్వుతూ కళ్లు తుడుచుకుంది.

వాళ్లలో సమాధి మీద పూలు పెట్టరు, గులకరాయి పెడతారు. నిన్న పొద్దున పని ఎగ్గొట్టి వెళ్లాను. కూతురూ, వాళ్ల బంధువులూ పెట్టిన రాళ్లు ఆరేడు ఉన్నాయి. చుట్టూ ఎవరూ లేరు. జేబులోంచి తెల్ల పుట్టగొడుగు ఒకటి తీసి, కోసిన కాడ కిందికి పెట్టి, వాటి మధ్యలో ఉంచాను. సన్నగా తుంపర పడుతోంది. రాళ్లలో రాయిలాగే ఉంది, దారినపోయేవాళ్లెవరికీ తేడా తెలీదు. పెద్దమ్మ అయితే కారు దిగకముందే పట్టేసేది.