పుర్రచెయ్యి కోసం నలభై మూడు సంతకాలు

అరబ్బు దేశంలో, రుస్తాఖ్ అనే ఊళ్ళో, సెలవురోజు శుక్రవారం ఎండ కాస్త వాలగానే ఆస్పత్రి జీపు మమ్మల్ని ఎక్కించుకుని వాలీబాల్ గ్రౌండుకు బయల్దేరేది. గ్రౌండంటే పెద్దగా ఊహించుకోకండి. రోడ్లు వేసే కంపెనీ వాళ్ళు తమ క్యాంపు వెనక రోలరుతో తొక్కించిన నేల, రెండు ఇనుప పైపులు, మధ్యలో ఒక వల. అంతమంది మగవాళ్ళ మధ్య ఆడపిల్లలు కింద కూర్చోకూడదని మేట్రన్ ఆజ్ఞ. అందుకని జీపును వెనక్కి తిప్పి నిలబెట్టి, వెనక తలుపు తీసి, అయిదుగురు నర్సులం అందులోంచే చూసేవాళ్ళం. అరవకూడదని మాత్రం ఆవిడ చెప్పలేదు. నేను అరిచేదాన్ని.

ఇది డెబ్భైల మధ్య మాట. నాకప్పుడు ముప్పై దాటాయి. గుంటూరులో బి.ఏ. చదివి, ఆ తర్వాత నర్సింగు ట్రైనింగు అయినదాన్ని. అందుకే నాకు రెండు చదువుల పొగరు అనేది నా రూమ్మేటు. ఆవిడది నర్సాపురం. నాకంటే పదేళ్ళు పెద్ద, అక్కా అని పిలిచేదాన్ని. పిలుస్తూనే పోట్లాడేదాన్ని.

ఆ కంపెనీ జట్టులో ఎక్కువమంది కరీంనగర్ వైపు వాళ్ళు. వాళ్ళలో ఒకతను షట్టరింగ్ కార్పెంటర్. పొద్దున్నుంచీ కల్వర్టులకు చెక్కలు బిగించే మనిషి శుక్రవారం నాడు వల దగ్గర లేచాడంటే మోచెయ్యి దాకా వల మీద కనపడేది. కొట్టేది ఎడమచేత్తో. అవతలివాళ్ళు కుడివైపు కాచుకుని చేతులెత్తేలోపు బంతి వాళ్ళ వెనక గీత మీద పడి ఉండేది. అందరూ అతన్ని పుర్రచెయ్యి అనేవాళ్ళు. మేమైతే ‘మా పుర్రచెయ్యి’ అనేవాళ్ళం. ఆ ‘మా’ ఎక్కణ్ణించి వచ్చిందని అప్పుడు ఎవరూ అడగలేదు. వారమంతా కాలిన చేతులకు కట్లు, కానుపులు, వడదెబ్బలు చూసినవాళ్ళకు ఆ గంటసేపు ఒక మనిషి గాల్లోకి లేవడం చూస్తే ప్రాణం లేచొచ్చేది. మా అందరికీ ఉన్న పండగ అదొక్కటే.

ఒకరోజు ఆ క్యాంపు వంటాయన వేడినూనె పడిన చేతికి కట్టు మార్పించుకోవడానికి వచ్చాడు. జట్టుకు మేనేజరు కూడా తానేనని ఆయన నమ్మకం.

“సిస్టరమ్మా, విన్నవా? పుర్రచెయ్యి కంట్రాక్టు వచ్చే నెలతోటి ఖతమ్. బురైమి కంపెనోళ్ళు గుంజుకపోతుండ్రు.”

“ఎవరు చెప్పారు?”

“చెప్పుడేంది? మొన్న మ్యాచ్‌ల తెల్లచొక్కా ఏసుకొని కుర్చీల కూసున్నోడు ఎవ్వడనుకున్నవ్? ఆళ్ళ ముదీర్!”

ముదీర్ అంటే మేనేజరు. మేనేజరంతటివాడు బురైమి నుంచి ఇంత దూరం వచ్చాడంటే ఆటగాణ్ణి ఎగరేసుకుపోవడానికి కాక మరెందుకొస్తాడు? ఆ వారమంతా మాకు వేరే మాట లేదు. కెప్టెన్సీ ఇస్తే ఆగుతాడని ఒకరు, రూము మారిస్తే ఆగుతాడని ఒకరు. ఇక్కడే పెళ్ళి చేసేస్తే పోడని ఒక పిల్ల అంది. అతనికి పెళ్ళయిందో లేదో ఆ పిల్లకు తెలియదు. నిజానికి మాలో ఎవరికీ తెలియదు.

నర్సాపురం అక్క ఒక్కతే కదల్లేదు.

“పోతే పోతాడు. నువ్వు మిషన్ ఆస్పత్రి బాండు తెంపుకుని రాలేదూ? నా చాకిరీ నా ఇష్టం అని అక్కడ సూపర్నెంటు మొహమ్మీద అన్నానని నువ్వేగా చెప్పావ్?”

“అది వేరు.”

“ఏం వేరే?”

“నేను వాలీబాల్ ఆడనుగా అక్కా!”

అందరూ నవ్వారు. జవాబు దొరకనప్పుడు నవ్వించడం నాకు అలవాటు.

అప్పుడే నాకు అర్జీ ఆలోచన వచ్చింది. మా ఊళ్ళో బస్సు ఆగాలన్నా అర్జీయే, బోరింగు కావాలన్నా అర్జీయే. మంచి హెడ్‌మాస్టరుకు బదిలీ అయితే ఊరంతా సంతకాలు పెట్టి ఆపించుకోవడం నా కళ్ళతో చూశాను. కాలేజీలో మా ఇంగ్లీషు లెక్చరరు బదిలీ ఆపమని రాసిన కాగితం నాదే. అది పనిచేసింది కూడా. ఇక నన్ను ఆపేదెవరు?

నా బి.ఏ. అంతా గుమ్మరించి రాశాను. ఈ మనిషి క్యాంపుకు గుండెకాయ అన్నాను. ఇతని మాటంటే కార్మికులందరికీ గురి అన్నాను. ఇతను వెళ్ళిపోతే అందరి మనసులూ విరిగి పని కుంటుపడుతుందన్నాను. వంటాయన రెండు రోజుల్లో నలభై మూడు సంతకాలు తెచ్చాడు, వేలిముద్రలతో కలిపి. అక్క మాత్రం పెట్టలేదు.

“ఆ అబ్బాయి ఏమంటాడే?” అంది.

“అతనికి చెప్పొద్దన్నాడు వంటాయన. సిగ్గుపడతాడట.”

అక్క అటు తిరిగి పడుకుంది. ఆవిడ వాదన ఆపితే గెలిచాననుకునేదాన్ని.

కాగితం క్యాంపు ఇన్‌చార్జికి చేరిన నాలుగో రోజు మధ్యాహ్నం పుర్రచెయ్యి ఆస్పత్రికి వచ్చాడు. సిమెంటు చొక్కాతోనే వచ్చి, ఓ.పీ. దగ్గర రోగులందరూ పోయేదాకా గోడవార నిలబడ్డాడు. దగ్గర్నుంచి చూడటం అదే మొదటిసారి. అనుకున్నంత పొడుగు కాదు.

“అక్కా, గా కాయిదం నువ్వే రాసినవంట గదా.”

థాంక్స్ చెప్పడానికొచ్చాడనుకున్నాను. “నేనే. పనిచేసిందా?”

“చేసింది. ఇంటికి తోలుతుండ్రు.”

నాకర్థం కాలేదు. అతను మెల్లగా చెప్పాడు, కోపం లేకుండా. కోపంగా చెప్పినా బాగుండేది.

“గింతమంది నా మాటింటరని రాసినవంట. ఎందుకింటరు, ఏం మాటలు చెప్తున్నవ్, హర్తాళ్ చేపిస్తవా అని ఆఫీసుల గంటసేపు నిలవెట్టిండ్రు. వాలీబాల్ సార్ అంటే నమ్ముతలేరు.”

ఆ దేశం దక్షిణాన సర్కారు మీద తిరగబడ్డవాళ్ళతో యుద్ధం అప్పుడప్పుడే చల్లారుతోంది. నలుగురు గుమిగూడితే అధికారులు తొంగిచూసే రోజులు. ఇవన్నీ నాకు తెలుసు. వార్డులో అందరికంటే ముందు వార్తలు చెప్పేదాన్ని నేనే. అయినా పెన్ను పట్టుకున్నప్పుడు నేను రుస్తాఖ్‌లో లేను, గుంటూరులో ఉన్నాను.

“పోనీలే, బురైమి వాళ్ళు పిలిచారుగా. అక్కడికి పో.”

“ఈ కంపెనీ రిలీజు కాయిదం ఇయ్యంది ఇంకో కంపెనీకి ఎట్ల పోత? ఇస్తనని సార్ ముందుగాల ఒప్పుకున్నడు. ఇప్పుడు రిలీజు లేదు, రెన్యువల్ లేదు. టికెట్ ఒక్కటే. గాడ కార్పెంటర్ల మీద ఫోర్మన్ పని ఉండె అక్కా. మా కల్వర్ట్ పని చూసి అడిగిండ్రు.”

“ఆటకు కాదా?”

“ఆట ఏడిది? ఆళ్ళకు టీమే లేదు.”

అప్పుడైనా నోరు మూసుకోవాలి కదా. “మరి ముందే చెప్పొచ్చు కదయ్యా!” అన్నాను.

“ఎవ్వలడిగిండ్రు?” అన్నాడు. “శుక్రారం శుక్రారం చప్పట్లు కొట్టిండ్రు. మంచిగనే ఉండె.”

మర్నాడు క్యాంపు ఇన్‌చార్జి దగ్గరికి వెళ్ళాను. హైదరాబాదు మనిషి, మర్యాదస్తుడు. టీ తెప్పించాడు. తప్పంతా నాదేనని, అతనికి ఆ కాగితం సంగతే తెలియదని వాదించాను. ఆయన ఓపిగ్గా విన్నాడు.

“సిస్టర్, మీరు చదువుకున్నోళ్ళు. ఇతని మాట అందరూ ఇంటరని మీరే రాసిన్రు. అది నిజమా, అబద్ధమా?”

నిజమంటే అతనికి ముప్పు. అబద్ధమంటే నలభై ముగ్గురి చేత అబద్ధం మీద సంతకాలు పెట్టించినట్టు. నవ్వించి తప్పించుకునే ప్రశ్న కాదది.

“కాయితం పైకి పోయింది. నా చేతుల లేదు సిస్టర్, టీ తాగండి,” అన్నాడాయన.

ఆ శుక్రవారం కూడా పుర్రచెయ్యి ఆడాడు. బంతి అదే గీత మీద పడింది. వంటాయన ఈల వేశాడు. జీపులో మేం అయిదుగురం ఎవరి మొహం ఎవరం చూసుకోలేదు. ఏడాదిపాటు ఆ చెయ్యి ఎంత ఎత్తు లేస్తుందో అంగుళాలతో సహా వాదించుకున్నాం. ఆ చేతికి ఇంకే పని వచ్చో ఒక్కరోజు మాట్లాడుకోలేదు. అభిమానం అని దానికి పెద్ద పేరు పెట్టుకున్నాం. ఇప్పుడైతే ఆ మాట వాడటానికి నాకు కొంచెం జంకు.

రెండు రోజుల తర్వాత అతను మళ్ళీ వచ్చాడు, చేతిలో ఎయిర్ లెటర్‌తో. నేను ముందే తయారుగా ఉన్నాను.

“బురైమి వాళ్ళకు నేను రాస్తాను. ఇంటికెళ్ళాక అక్కణ్ణించే వీసా పంపించమని…”

“వద్దక్కా.” చెయ్యి అడ్డంపెట్టాడు. అదీ ఎడమచెయ్యే. “నువ్వు మంచిగ రాస్తవ్. గందుకే భయమైతది. నా పెండ్లానికి ఉత్తరం రాయాలె. వంటాయనకు చెప్తే క్యాంపంత తెలుస్తది. నేను చెప్పింది చెప్పినట్టు రాయి.”

రాశాను. కంట్రాక్టు అయిపోయింది. నెలాఖరుకు వస్తున్న. చిన్నదానికి జరం తగ్గిందా. బొంబాయిల రెండు దినాలు ఆగుతనేమో.

“ఫోర్మన్ పని వచ్చిందని రాయనా? అది ఎలా పోయిందో, ఎవరివల్ల పోయిందో…”

“నేను చెప్పిన్నా గది?”

“లేదు.”

“మరి రాయకు. చదువు.”

చదివాను. అతను వేళ్ళు మడుస్తూ విన్నాడు.

“నాలుగు ముక్కలు చెప్పిన. నాలుగే ఉన్నయా?”

“నాలుగే.”

కాగితం నా చేతిలోంచి తీసుకుని, తనే మడిచి, అంచు నాలుకతో తడిపి అంటించాడు. బయట కంపెనీ పికప్ హారన్ కొడుతోంది. పోయొస్తానని కూడా అనలేదు. ఉత్తరం జేబులో పెట్టుకుని గబగబా వెళ్ళి, వెనకెక్కి, మిగతావాళ్ళ మధ్య ఇరుక్కుని నిలబడ్డాడు.