సగం బకెట్ పెద్దమ్మ

మా ఇంటి ఓనరమ్మ పోయారని మొన్న ఆఫీసుకి ఫోన్ వచ్చింది. మధ్యాహ్నం అన్నం తిని పడుకున్న మనిషి మళ్ళీ లేవలేదట. మాదాపూర్ నుంచి ఖాజాగూడ దాకా ఆటోలో ఏడుస్తూనే వచ్చాను. కిరాయికున్నవాళ్ళు ఓనరు కోసం ఏడవడం ఎక్కడైనా ఉందా అంటారా? మీరు ఆవిడని చూడలేదు.

పెద్దమ్మా అని పిలిచేవాళ్ళం. గుంటూరు నుంచి వచ్చిన కొత్తలో ఆవిడంత బద్ధకస్తురాలు లేదనుకున్నాను. పెరట్లో పాదుల మధ్య పీట వేసుకుని కూర్చునేవారు గానీ ఒంగేవారు కాదు. బకెట్ సగమే నింపేవారు. పని మంచి ఊపులో ఉండగా పార పక్కన పెట్టి చాయ్ తాగేవారు.

నేనేమో వారమంతా కంప్యూటర్ ముందు కూర్చుని, ఆదివారం ఒక్కపూటలో తోటంతా తవ్వేద్దామనే రకం. అలాగే ఓసారి తట్టనిండా ఎరువు ఎత్తి, ఒంగినదాన్ని ఒంగినట్టే పక్కకి తిరిగాను. నడుం పట్టేసింది. డాక్టరు బరువులెత్తొద్దన్నాడు. అప్పుడు మా పాపకి రెండేళ్ళు. అది ఎత్తుకోమని చేతులు చాపితే గోడవైపు తిరిగి ఏడ్చేదాన్ని. ఇక ఈ జన్మలో దాన్ని ఎత్తుకోలేనేమోనని భయం.

"ఏంది, గిట్ల ఏడుస్తవ్? ఫికర్ జేయకు. నిండు బిందె లేపబోయి నేను గూడ వానకాలమంత మంచంల పడ్డదాన్నే," అన్నారు పెద్దమ్మ. ఆవిడ బద్ధకం ఎక్కడిదో అప్పుడు తెలిసింది.

నొప్పి తగ్గాక, డాక్టరు చెప్పిన వ్యాయామాలు కాపలా కాసి మరీ చేయించారు. తోటలోకి వెళ్తే కాసేపు అటూ ఇటూ నడిపించి గానీ పార ఇచ్చేవారు కాదు.

"నడుము తిప్పకు, కాళ్ళు తిప్పు. మోకాళ్ళు వంచు. బరువును కడుపుకు అదుముకో. దూరం వట్టుకుంటే అది నిన్నే గుంజుతది."

బకెట్ నింపుతుంటే కుళాయి కట్టేసేవారు. "సగం చాలు బిడ్డా. ఇంకో తాప పోతే కాళ్ళు అరుగుతయా?"

ఇంకాసేపు చేస్తానంటే ఒప్పుకునేవారు కాదు. "పాణం మంచిగున్నప్పుడే ఆపాలె. నొచ్చినంక ఆపితే ఏం ఫాయిదా?"

నాకు ఒళ్ళు మండేది. మంచిమాట చెప్పేవాళ్ళ మీద ఎవరికి మండదు? అయినా ఆవిడ చెప్పినట్టే చేశాను. నెమ్మదిగా ఆదివారాలు తిరిగొచ్చాయి, తోట తిరిగొచ్చింది. పాపని మాత్రం కూర్చునే ఒళ్ళోకి తీసుకునేదాన్ని. నిలబడి ఎత్తుకోవడానికి ధైర్యం చాలలేదు. "ఎప్పుడెత్తుకుంటవ్?" అని ఆవిడ అడుగుతూనే ఉన్నారు.

నిన్న సాయంత్రం అంతా అయిపోయాక బంధువులు వాకిట్లో కూర్చున్నారు. పాప నా కొంగు పట్టుకుని పెరట్లోకి లాక్కెళ్ళింది. పందిరి మీద బీరపూలు అప్పుడే విచ్చుకుంటున్నాయి. "అమ్మా, పైకి," అంది. మోకాళ్ళు వంచి, దాన్ని పొట్టకి అదుముకుని లేచాను. నడుం కిక్కురుమనలేదు. పాప పువ్వుని తాకి, పసుపు అంటిన వేలు నా ముక్కుకి రాసి నవ్వింది.

దింపనా అంటే వద్దంది. నాకూ దింపబుద్ధి కాలేదు.