ఎడమచేతి హీరో

ఈమధ్య సినిమాలు చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఎప్పుడో పోయిన హీరోని కూడా ఏఐతో లేపి స్టెప్పులు వేయిస్తున్నారు. అయినా మొన్న మా అవ్వను సిటీకి తీసుకెళ్లి అలాంటి సినిమానే చూపించాను. కన్నతల్లిని మేం అవ్వ అనే పిలుస్తాం. ఆ పాత హీరో అంటే ఆమెకు ప్రాణం.

ముఖం అదే, గొంతు అదే. హాలంతా ఈలలు వేస్తుంటే అవ్వ మాత్రం పెదవి విరిచింది.

“గీయన ఆయన కాదు బిడ్డా. ఆయన ఎడమచేతోడు. గీయనేమో కుడిచేత్తోని కత్తి తిప్పుతున్నడు.”

తిరిగొస్తూ మొయినాబాద్ చేరేసరికి గానీ నాకు అసలు సంగతి అర్థం కాలేదు. నా చిన్నప్పుడు మా ఊరు ఆలూరులో సినిమా అంటే రోడ్డుకు అడ్డంగా కట్టిన తెల్లగుడ్డ. బొమ్మ వేసే మిషను ఉన్న వైపు మగవాళ్లు కూర్చుంటే, గుడ్డకు అవతల ఆడవాళ్లు కూర్చునేవారు. అటువైపు బొమ్మ కుడి ఎడమలు మారి కనిపించేది. అవ్వ ఆయన సినిమాలన్నీ అక్కడి నుంచే చూసింది. నేను ఆమె ఒళ్లో పడుకుని చూసేవాణ్ణి.

చేవెళ్ల రోడ్డు మీద చాయ్‌కి ఆగినప్పుడు, ఆ సినిమా ట్రైలర్‌ను ఫోన్‌లో కుడి ఎడమలు మార్చి చూపించాను. కత్తి ఎడమచేతికి వచ్చింది. అవ్వ చాయ్ పక్కన పెట్టి, కొంగు సర్దుకుని, ఫోన్‌ను కళ్లకు దగ్గరగా పట్టుకుంది.

“ఇగో, ఇప్పుడొచ్చిండు,” అంది.