అడిగిన పుస్తకం ఇవ్వని అచ్చయ్య

మిర్యాలగూడలో అచ్చయ్య గ్రంథాలయం మెట్లు ఎక్కినవాళ్లు ఎంతటివాళ్లయినా సరే, అడిగిన పుస్తకం చేతికి రాదు. ఆయనకున్న లోపం అదొక్కటే. మిగతా అన్నింట్లో దేవుడిలాంటి మనిషి. కుర్చీ తుడిచి వేస్తాడు, కూజా వంచి చల్లటి నీళ్లిస్తాడు, ఫ్యాను మన వైపు తిప్పి తాను చెమటలు కక్కుతాడు. పుస్తకం పేరు చెవిన పడగానే మాత్రం కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టి, "గది నీకొద్దు తియ్యి" అంటాడు. అని ఊరుకున్నా బాగుండేది. లోపలికెళ్లి ఇంకేదో పట్టుకొస్తాడు.

అది ఓ రైస్ మిల్లు ఆసామి తండ్రి పేరున పెట్టిన గ్రంథాలయం. అడిగేవాడు లేడు, అచ్చయ్యను మార్చేవాడు అంతకన్నా లేడు. వెంకట్ అనే కుర్రాడు గ్రూప్స్ పరీక్షకు గైడు అడిగితే బర్రెల పెంపకం పుస్తకం ఇచ్చాడు. వెంకట్ ఉద్యోగం సంగతి ఇప్పటికీ తేలలేదు గానీ, ఆ వీధిలో సగం ఇళ్లకు పాలు అతనివే. శోభారాణి అనే కొత్తకోడలు వంటల పుస్తకం అడిగితే, ఆడవాళ్ల ఆస్తి హక్కుల పుస్తకం చేతిలో పెట్టాడు. మర్నాడే అత్తగారు కొంగు బిగించి పోట్లాటకు వచ్చింది. "అసలు ఆ చట్టంల ఏమున్నదో నాకూ సూపియ్యి, తేల్చుకుంట!" అని అరిచింది.

"గది నీకొద్దు తియ్యమ్మా" అన్నాడు అచ్చయ్య. కోడలు అడిగిన వంటల పుస్తకం అత్తకిచ్చి పంపాడు.

అలాంటి చోటికి నీరజ వచ్చింది. మాడుగులపల్లి మండలంలో ఓ ఊరికి పంచాయతీ కార్యదర్శి ఆమె. కాల్వ నీళ్లు పంచాయతీ పని కాకపోయినా, నీళ్లు రానప్పుడు తిట్లు మాత్రం పంచాయతీకే వస్తాయి. తిట్లు తిని తిని, దీనికి చదువే మందని, సుస్థిరత-నాయకత్వం అనే దూరవిద్య డిప్లొమాలో చేరింది. క్లాసులు సూర్యాపేటలో, రెండు వారాలకో ఆదివారం. అక్కడి ఉమారాణి మేడమ్ మొదటి రోజే బాంబు పేల్చింది. చదువుకు తోడుగా ఎవరి పుస్తకాలు వాళ్లే ఎంచుకోవాలి. ఐదు నెలల తర్వాత పరీక్షకుల ముందు నిలబడి, వాటినే ఎందుకు ఎంచుకున్నారో చెప్పాలి. సగం మార్కులు దానికే.

నీరజ పెద్ద పెద్ద ఇంగ్లిష్ పుస్తకాల పేర్లు రాసుకుని అచ్చయ్య ముందు నిలబడింది. అన్నింటికన్నా పైన, ఇటుకంత లావున్న నాయకత్వం పుస్తకం పేరు. అది అద్దాల బీరువాలో ఎదురుగానే కనిపిస్తోంది.

"గది నీకొద్దు తియ్యి బిడ్డా."

"సార్, గదే గావాలె. పరీక్ష ఉన్నది."

"పరీక్ష ఉన్నదనే అంటున్న." లోపలికెళ్లి వచ్చి, బల్ల మీద ఓ పుస్తకం పెట్టాడు. కుట్టు నేర్చుకునే పుస్తకం. అట్ట మీద జాకెట్టు బొమ్మ.

నీరజకు కళ్లనీళ్లు ఒక్కటే తక్కువ. "సార్, నేను సదివేది సస్టెయినబిలిటీ!"

"జాకెట్టు మూడేండ్లు ఉండాలె గద. గదే సస్టెయినబిలిటీ. పట్టుకపో."

రెండోసారి బాల్యా నోట్‌బుక్ ఇచ్చాడు. బాల్యా అంటే కాల్వ తూములు ఎత్తి దించే లష్కర్‌గా పనిచేసి రిటైరైన మనిషి. ఇరవై రెండేళ్లు ఏ రోజు ఏ తూము ఎంత ఎత్తాడో, ఆ రోజు ఎవరు ఏమని తిట్టారో, రెండూ తేదీలతో సహా రాసుకున్నాడు. మూడోసారి నాట్ల పాటల పుస్తకం. నాలుగోసారి అసలు పుస్తకమే లేదు.

"నీ ఆఫీసుల పాత బీరువా ఉన్నదా?"

"ఉన్నది సార్. తుప్పు పట్టింది."

"దాంట్ల తీర్మానాల పుస్తకాలుంటయి. గవి సదువు."

"సార్, నా ఆఫీసుల ఉన్నదాని కోసం నేను మిర్యాలగూడ దాక బస్సెక్కి వచ్చిన్నా?"

"గీడికి రాకపోతే గాడ సదవకపోదువు" అన్నాడు అచ్చయ్య, ఫ్యాను ఆమె వైపు తిప్పుతూ.

సూర్యాపేట క్లాసులో ఆమె పక్కన కూర్చునేది కోదాడ జవహర్. పాపం, మంచివాడు. వచ్చినప్పుడల్లా ఫోనులో ఓ ఫొటో చూపించేవాడు. "పన్నెండు పుస్తకాలు తెప్పించానండీ నీరజ గారూ. ఒక్కోటి చూడండి, తలకింద పెట్టుకుంటే మెడ పట్టేస్తుంది. మీరేంటండీ, ఇంకా జాకెట్టు దగ్గరే ఉన్నారా?"

"చేతుల దాక వచ్చిన" అనేది నీరజ పళ్లు బిగబట్టి.

కానీ విచిత్రం ఏమిటంటే, ఇటుకంత పుస్తకం ఇవ్వలేదన్న పంతంతో ఆమె ఆ నాలుగూ వదలకుండా చదివేసింది. ఎక్కడ తప్పు దొరికితే అక్కడ అచ్చయ్యను నిలదీయొచ్చని వెతుక్కుంటూ చదివింది. అలా వెతుకుతుండగానే, బీరువాలో చెదలు తినగా మిగిలిన తీర్మానాల పుస్తకంలో, 1984 యాసంగి నాటి ఓ పేజీ దొరికింది. "నీళ్లు తక్కువగా ఉన్నందున ఈసారి తడి తోక మళ్ల నుంచి మొదలు కావలెను. తల మళ్ల వారు తర్వాత పెట్టుకొనవలెను." కింద ముప్పై ఒక్క వేలిముద్రలు. బాల్యా నోట్‌బుక్ తీసి సరిచూసింది. బాల్యా ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆ పద్ధతి ఇంకా ఉంది. అది నడిచినన్నాళ్లూ, నీరజ ఊరి తూము దగ్గర తిట్ల వరుస ఖాళీగా ఉంది!

నీరజ చదువుతున్న ఈ ఏడు కూడా నీళ్లు తక్కువే. తూముకు దగ్గరి తల మళ్లు నిండుగా తాగుతున్నాయి, చివరనున్న తోక మళ్లు నెర్రెలు విచ్చుతున్నాయి. చివరి మడి నర్సమ్మది. "నా మడికి నీళ్ల సప్పుడే గని నీళ్లు రావు బిడ్డా" అని వారానికోసారి ఆఫీసుకొచ్చి కూర్చునేది. మొదటి మడి కొండల్‌ది. ఆయన నోటికి జడిసి ఎవరూ ఎదురు చెప్పేవారు కాదు.

నీరజ ఊరందరినీ పిలిచింది. ఉపన్యాసం ఏమీ ఇవ్వలేదు. ముందు వారం రోజులు తిరిగి, ఎవరి మడికి ఎంత నీరు చాలునో ఒక్కొక్కటీ కొలిచి రాసుకున్న కాగితం చదివింది. తర్వాత పాత తీర్మానం చదివింది.

"నలభై ఏండ్ల కిందటి ముచ్చట ఇప్పుడేంది?" అని కొండల్ లేచాడు. "తల మడోడు తర్వాత పెట్టుకునుడేంది? ఏ పిచ్చోడు ఒప్పుకున్నడు దానికి?"

"మొదటి వేలిముద్ర మీ తాతది, కొండలన్నా" అంది నీరజ.

కొండల్ దగ్గరికొచ్చి, కాగితం మీద ఆ నీలం మచ్చను చూశాడు. పక్కనే వంకర అక్షరాల్లో తాత పేరు. తన వేలు దాని మీద పెట్టి చూసుకున్నాడు.

"ఇంకోసారి సదువు" అన్నాడు.

నీరజ చదివింది.

"గట్లగాదు. మా తాత పేరు కాడికెల్లి, జర గట్టిగ."

నీరజ గట్టిగా చదివింది. కొండల్ కండువా సర్దుకుని అందరి వైపూ తిరిగాడు. "విన్నరా? ఇగ తోకకే పెట్టుర్రి. ఎవడన్న అడ్డమొస్తే నాతోని మాట్లాడుర్రి."

నాలుగో రోజుకు నర్సమ్మ మడిలో నీళ్లు నిలిచాయి. ఆమె ఆఫీసుకు రావడం మానేసింది. పొలం గట్టు మీద కూర్చుని నీళ్లను చూడటానికే ఆమెకు పొద్దు చాలడం లేదు.

పరీక్ష రోజు వచ్చింది. జవహర్ పన్నెండు పుస్తకాలూ సంచిలో మోసుకొచ్చాడు. బయటి నుంచి వచ్చిన ప్రొఫెసర్ గారు, "ఇవే ఎందుకు ఎంచుకున్నావు?" అనగానే, "చాలామంది బాగున్నాయన్నారండీ" అన్నాడు. "నీకెలా ఉన్నాయి?" అనేసరికి, "బరువుగా ఉన్నాయండీ" అని నిజం చెప్పేశాడు.

నీరజ జాకెట్టు బొమ్మ పుస్తకం బల్ల మీద పెట్టింది. ప్రొఫెసర్ కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు. "అమ్మా, ఇందులో నాయకత్వం ఎక్కడుంది?"

"మొదటి పేజీలోనే సార్. కొలతలు తీయకుండా కత్తెర పట్టొద్దని ఉంది. మా మళ్లన్నీ కొలిచాకే నేను నోరు విప్పిన." తర్వాత బాల్యా నోట్‌బుక్ తెరిచింది. "నీళ్లు ఎక్కడ తప్పుగా పోతే తిట్లు అక్కడ పుడతయని ఇందులో రోజువారీగా ఉన్నది." నాట్ల పాటలు తీసింది. "ఇందులో పాట ఎత్తుకునే ఆమె కూడా మడిలోనే వంగి ఉంటది సార్, గట్టు మీద నిలబడదు." ఆఖరున తీర్మానం, నర్సమ్మ మడి, కొండల్ వేలు, అన్నీ చెప్పింది. పది నిమిషాల సమయం నలభై అయింది. ఉమారాణి మేడమ్ గడియారం చూడటం మర్చిపోయింది. ప్రొఫెసర్ లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. ఆ బ్యాచ్‌లో మొదటి స్థానం నీరజది.

స్వీటు డబ్బాతో మిర్యాలగూడ వెళ్లి, అచ్చయ్య ముందు కూర్చుంది. "ఇగ చెప్పుర్రి సార్. గా ఇంగ్లిష్ పుస్తకం నాకెందుకు ఇయ్యలె?"

అచ్చయ్య ఫ్యాను ఆమె వైపు తిప్పాడు. "నా పద్దెనిమిదో ఏట నేను గూడ గిట్లనే లైబ్రరీకి పోయిన బిడ్డా. పెద్దగ కనబడాలని లావు ఇంగ్లిష్ పుస్తకం అడిగిన. ఆయన ఎంత మర్యాదస్తుడో, ఎంటనే ఇచ్చిండు. మూడో పేజీ దాటలె. నాకు సదువే రాదనుకున్న. ఆరేండ్లు ఏ లైబ్రరీ గడప తొక్కలె. నేను ఈ కుర్చీల కూసోకముందు ఈ ఇటుక తీస్కపోయినోళ్లు రిజిస్టర్ల పదకొండు మంది. ఇటుకను ఎవరి చేతనో తిరిగి పంపిండ్రు గని, ఒక్కరన్న మల్ల రాలె. నువ్వు రావాలె గద!"

ఆయన సొరుగు లాగి, అట్ట వేసిన ఇటుకంత పుస్తకం తీసి ఆమె ముందు పెట్టాడు. తెరిచింది. పేజీ పేజీకీ చీటీలు. కష్టమైన ప్రతి మాటకూ ఆయన చేతిరాతలో తెలుగు అర్థం. ఐదు నెలలుగా మధ్యాహ్నాలు నిఘంటువు ముందేసుకుని కూర్చుని, నూట నలభై పేజీల దాకా రాసుకొచ్చాడు. 'స్టేక్‌హోల్డర్' అన్న మాట పక్కన, "కాల్వ కింద మడి ఉన్న ప్రతి ఒక్కరు, వాళ్ల బర్రెలతో సహా" అని ఉంది.

"ఇప్పుడు తీస్కపో. ఇగ నువ్వు భయపడేది లేదు, గదే నిన్ను జూసి భయపడాలె" అన్నాడు అచ్చయ్య, ఎటో చూస్తూ.

తర్వాతి ఆదివారం గ్రంథాలయం ముందు రెండు ఆటోలు ఆగాయి. ముందు నర్సమ్మ, వెనకాల నీరజ ఊరి ఆడవాళ్లు పదమూడు మంది, వాళ్ల వెనక కోదాడ నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చిన జవహర్. అందరూ సభ్యత్వం రాయించుకుని, చేతులు కట్టుకుని వరుసగా నిలబడ్డారు. అచ్చయ్య కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టి సిద్ధమయ్యాడు.

"ఏ పుస్తకం గావాలె?"

"మాకేం ఎరుక సారూ? నీకు ఏది తోస్తే అది ఇయ్యి" అంది నర్సమ్మ.

ఉద్యోగంలో మొదటిసారి అచ్చయ్యకేం చేయాలో తెలియలేదు. దిక్కుతోచక నీరజ వైపు తిరిగి, "ఏదో ఒకటి అడగమను బిడ్డా" అని బతిమాలాడు. "అడగకపోతే నేనేది ఇయ్యకుంట ఉండాలె?"