గుమ్మం దగ్గర చేతులు

మా అమ్మ పాతికేళ్లు రొయ్యల కంపెనీలో పనిచేసింది. కంపెనీ దువ్వాడ దాటాక ఎక్కడో ఉండేది, నేనెప్పుడూ చూడలేదు. పొద్దున్నే కంచరపాలెం మెట్టు దగ్గర వ్యాను ఎక్కేది. లోపలికి వెళ్లే ముందు గుమ్మం దగ్గర ట్యూబులైటు కింద ఒక సూపర్‌వైజరు నిలబడేవాడట. ఆడవాళ్లు వరసగా వచ్చి రెండు చేతులూ చాచి చూపించాలి, ముందు గోళ్లవైపు, తర్వాత అరచేతులు. గోరు పెరిగినా, రంగున్నా, వేలు తెగి ఉన్నా ఆ రోజుకి ఇంటికే. తినే వస్తువు కదా, అందులో తప్పుపట్టడానికేమీ లేదు. కాకపోతే ఆదివారం చర్చి నుంచి వచ్చి, అన్నం తిని, అమ్మ గుమ్మంలో కూర్చుని గోళ్లు కత్తిరించుకోవడం మా ఇంట్లో ఆరాధనలో మిగిలిపోయిన భాగంలా జరిగేది. తెల్లటి అంచు ఒక్క గీత కూడా మిగలనిచ్చేది కాదు. నడుం నొప్పితో పని మానేసి, నా దగ్గరికొచ్చి మూడేళ్లయినా ఆ అలవాటు మాత్రం మానలేదు.

ఆమె కూతురినైన నేను గోళ్లు పెంచే పని నేర్చుకున్నాను. మాల్‌లో ఒక నెయిల్ సెలూన్‌లో ఏడేళ్లు చేశాను. ఫైలుతో అరగదీయడం, జెల్ వేయడం, చిన్న లైటు పెట్టె కింద ఆరబెట్టడం, రాళ్లు అతికించడం. నా చెయ్యి మంచిదని పేరు. పెళ్లికూతుళ్లు నన్నే అడిగేవారు. అంత పేరున్నా నాకు సెలూన్ నడిపే మేడం ఇచ్చిన కుర్చీ తప్ప ఇంకేమీ లేదు. టీ తాగడానికి వెళ్లాలన్నా ఆవిడ ముఖం చూడాల్సిందే.

ఏడో సంవత్సరం కంచరపాలెంలో మా వీధి చివర ఒక గది ఖాళీ అయింది. అది పాతూరికి చెందిన ఒక ముస్లిం పెద్దాయనది. పూర్ణా మార్కెట్‌లో గాజుల వ్యాపారం ఆయనకి. ఈ గదిలో కూడా గాజుల కొట్టే నడిపి, ఓపిక తగ్గి మూసేశారు. అందులో సొంతంగా గోళ్ల షాపు పెట్టుకుంటే ఎలా ఉంటుందని అడిగితే, తాళంచెవి నా చేతిలో పెట్టి, ఆదివారం సాయంత్రం దాకా ఆలోచించుకోమన్నారు. తర్వాత ఇంకొకరికి ఇచ్చేస్తానన్నారు. మేడంకి కూడా ఒక రూలుంది. వెళ్లిపోయిన అమ్మాయిని మళ్లీ తీసుకోదు. నాకన్నా ముందు వెళ్లిన ఇద్దరు తిరిగి వచ్చి ఏడ్చినా తీసుకోలేదు. అంటే గది తీసుకుని అది నడవకపోతే నాకు వెనక్కి వెళ్లే దారి లేదు.

మా ఆయన పోర్టులో ట్రైలర్ నడుపుతాడు. అడిగితే "నీ ఇష్టం" అన్నాడు. మగవాళ్లు ఈ రెండు మాటలు అనేసి చాలా గౌరవం ఇచ్చామనుకుంటారు. రేపు మునిగిపోతే మునిగింది కూడా నా ఇష్టప్రకారమే అవుతుంది కదా.

ఏదైనా పరీక్షించి చూడటం నా పద్ధతి. మంగళవారం నాకు సెలవు. మా ఇంటి ముందు గదిలో బల్ల వేసి, తువ్వాలు పరిచి, సామానంతా సర్ది, వీధిలో ఆడవాళ్లందరికీ కబురు పెట్టాను. ఊరికే చేస్తాను, రండి అని. తొమ్మిదిమంది వచ్చారు. ఇడ్లీ బండి ఆవిడ, బట్టలు కుట్టే ఆవిడ, స్కూల్లో ఆయాగా చేసే ఆవిడ, గంపతో చేపలమ్మే ఆవిడ. వచ్చారు గానీ కూర్చోలేదు. గుమ్మం దగ్గరే చేతులు కొంగులో దాచుకుని నిలబడ్డారు.

"నా సేతులు బాగోవమ్మా, ముందు ఆలకి సెయ్యి" అంది ఇడ్లీ బండి ఆవిడ.

"నాను కడుక్కోనొత్తానుండు" అని వెళ్లిన చేపలావిడ మళ్లీ రానేలేదు. చివరికి ఇద్దరు కూర్చున్నారు. ఆ ఇద్దరూ పని జరుగుతున్నంతసేపూ నాకు క్షమాపణ చెబుతూనే ఉన్నారు. మాల్‌కి వచ్చేవాళ్లు ఫోన్లో మాట్లాడుతూ చెయ్యిని బల్ల మీదకి విసిరేస్తారు, అది నా సొంత వస్తువన్నట్టు. ఇక్కడ చెయ్యి బయటికి రావడమే గగనమైంది. ఊరికే చేస్తానంటేనే ఇలా ఉంటే రేపు బోర్డు కట్టి కూర్చుంటే ఎవరొస్తారు?

అమ్మ వంటింట్లో బెండకాయలు తరుగుతూ అంతా చూసింది.

"నెలజీతం ఉన్నకాడే ఉండిపోవే. మనుసులు వత్తారా రారా అని వాకిట్లోకి సూసుకుంటా కూకోడం నీకెందుకు?" అంది.

నాకు ఆ మాట సబబుగానే తోచింది. శనివారం పొద్దున్న పనికి వెళ్లేముందు గదిలో కలిసి తాళంచెవి తిరిగి ఇచ్చేస్తానని పెద్దాయనకి ఫోన్ చేశాను. కూరగాయలకి ఎలాగూ ఆ వైపే వెళ్లాలి కాబట్టి అమ్మ కూడా బయల్దేరింది.

పెద్దాయన అప్పటికే వచ్చి అరుగు మీద కూర్చుని ఉన్నారు. నేను తాళం తీసి లోపలికి వెళ్లి లైటు వేశాను. కొత్తగా సున్నం కొట్టిన గోడల మీద ట్యూబులైటు వెలుతురు కళ్లకి కొట్టింది. గుమ్మానికి ఎదురుగా నిలబడి "రా అమ్మా" అన్నాను. అమ్మ చెప్పులు విడిచి గుమ్మం దాకా వచ్చి ఆగిపోయింది. రెండు చేతులూ ముందుకు చాచింది, గోళ్లు పైకి పెట్టి. తర్వాత అరచేతులు తిప్పింది.

రెండు క్షణాలు కూడా పట్టలేదు. అంతలోనే తెలివి తెచ్చుకుని చేతులు కొంగులోకి లాక్కుంది.

"అలవాటేనే. ఆ లైటూ, నువ్వలా నిలబడ్డం సూసి..." అని నవ్వబోయింది. పెద్దాయన గబుక్కున ముఖం రోడ్డు వైపు తిప్పుకున్నారు.

నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఎవరి మీదంటే చెప్పలేను. సూపర్‌వైజరు తన పని తను చేశాడు. ఆ కంపెనీ జీతంతోనే నేను చదువుకున్నాను. అయినా సరే, కన్నకూతురు నిలబడ్డ గుమ్మంలో మా అమ్మ చేతులు చూపించాల్సి రావడం నేను సహించలేకపోయాను. ఆ గుమ్మంలో చూసేదాన్ని నేనే అయ్యానన్నది ఇంకా సహించలేకపోయాను.

చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చి మూలనున్న పాత స్టూలు మీద కూర్చోబెట్టాను. సామాను సంచి నా భుజానికే ఉంది. అమ్మ బొటనవేలి గోరు నడిమికి చీలి అలాగే గట్టిపడిపోయింది. ఉప్పునీళ్లకీ ఐసుకీ మిగతా గోళ్ల మూలలు తినేసి ఉన్నాయి. పెళ్లికూతుళ్ల చేతులు వందల కొద్దీ పట్టుకున్నదాన్ని, ఈ చేతిని ఇంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు. సిగ్గేసింది. శుభ్రం చేసి, అంచులు నున్నగా చేసి, లేత గులాబీ రంగు వేశాను. ఆవిడ ఊరికే ఉండలేక నాకు సాయం చేస్తున్నట్టు వేళ్లు ఒక్కొక్కటే పైకెత్తి అందిస్తూ ఉంది.

"బేటీ, చావీ ఇస్తావా మరి?" అని పెద్దాయన బయటినుంచే అడిగారు.

"రేపు సాయంత్రం దాకా టైముంది కదా చాచా" అన్నాను.

అయితే కోపంతో షాపు నడవదని నాకు తెలుసు. మంగళవారం వచ్చి వెనక్కి వెళ్లిన ఏడుగురూ నా కళ్లముందే ఉన్నారు.

ఆదివారం చర్చి నుంచి వచ్చి, అన్నం తిని, అమ్మ ఎప్పట్లాగే గోళ్ల కట్టరు పట్టుకుని గుమ్మంలో కూర్చుంది. ఆ రోజు పనికి సెలవు పెట్టిన నేను లోపలి నుంచి చూస్తున్నాను. బొటనవేలికి కట్టరు ఆనించింది. ఆగింది. రంగు వైపు చూసుకుంది. కట్టరు మడిచి పక్కన పెట్టేసింది.

"ఏటమ్మా, కత్తిరించుకోవా?" అన్నాను.

"ఉండనీ. సోమారం ఎవులు సూత్తారు?"

వీధి వైపు తిరిగి కూర్చుంది. తర్వాత నా వైపు తిరగకుండానే అడిగింది.

"నీ కొట్టుకాడ గుమ్మంలో సేతులు సూపించక్కర్నేదు కదా?"

"అక్కర్లేదు."

"మరైతే వత్తారే" అంది.

ఆ సాయంత్రం పెద్దాయనకి ఫోన్ చేశాను. మర్నాడు మేడంకి చెప్పేశాను. గదిలో నా కుర్చీని గుమ్మానికి వీపు పెట్టి వేయించాను, వచ్చినవాళ్లు నేను చూడకముందే కూర్చునేలా. మొదటివారంలో చేపలావిడ వచ్చింది. కూర్చుని మంచినీళ్లు తాగింది. గ్లాసు కింద పెట్టేదాకా ఆవిడ చేతుల వైపు నేను చూడలేదు.