గాలానికి వేలం లేదు

మా ఎదురింటి అత్తయ్యగారు కిందటి నెల, వినాయక చవితి వెళ్ళిన వారానికి, పోయారు. అమలాపురం ఆసుపత్రి నుంచి వాళ్ళబ్బాయి ఫోన్ చేసి, "అమ్మ ఇంక లేదక్కా" అన్నాడు. నేనప్పుడు బియ్యంలో రాళ్ళు ఏరుతున్నాను. చేట కింద పెట్టి వీధిలోకొచ్చి, తాళం వేసున్న ఆ గుమ్మం కేసి చూసేసరికి ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. ఏం తొందరొచ్చిందని ఆవిడకి? వరద తీసి, నీళ్ళు తేరుకుని, ఆవిడ కాలం ఇంకా మొదలే కాలేదు.

ఆ కోపం సాయంత్రానికి రెట్టింపయింది. వీధి మొదట్లో ఫ్లెక్సీ కట్టారు. పూలదండల బొమ్మ మధ్య అత్తయ్యగారి ఫొటో, కింద 'సౌమ్యమూర్తి, శాంతస్వభావి' అని ఇంతింత అక్షరాలు. ఆ కింద చేతులు జోడించి సంతాపం తెలుపుతున్నవాళ్ళ వరసలో మొట్టమొదటి ఫొటో ఎవరిదనుకున్నారు? మా మడుగులో చేపల హక్కు వేలంలో పాడుకున్న పాటదారుగారిది. ఆవిడ బతికుండగా ఆ పెద్దమనిషికి కంటినిండా నిద్ర లేదు.

అత్తయ్యగారు సౌమ్యమూర్తి కాదు. ఈ సంగతి ఎవరో ఒకరు రాసిపెట్టకపోతే రేపు ఆ ఫ్లెక్సీలో ఉన్నదే నిజమైపోతుంది. అందుకని నేను రాస్తున్నాను. ఆవిడ మొండిమనిషి. జగమొండి. ఆ మొండితనాన్నే మేం ప్రేమించాం.

మాది కొత్తపేట దగ్గర, గౌతమి ఒడ్డు. మడుగంటే గోదారి ఎప్పుడో దారి మార్చుకుంటూ వదిలేసిపోయిన లోతు. ధవళేశ్వరంలో గేట్లు ఎత్తారంటే ఎర్రనీరు లంకలు ముంచుకుంటూ వచ్చి అందులో పడుతుంది. భాద్రపదం సగం గడిచేసరికి వరద తీసేస్తుంది. వరదతో వచ్చిన చేప వెనక్కి పోయే దారి లేక అక్కడే ఉండిపోతుంది. అప్పట్నుంచి దసరా దాకా గాలానికి మంచి రోజులు.

ఏటా ఆ మడుగుకి పంచాయతీ వేలంపాట పెడుతుంది. పాట మొదలయ్యే ముందు అందరికీ వినబడేలా ఒక మాట చెప్పడం మా ఊరి ఆనవాయితీ. పాట వలకే గాని గాలానికి కాదు, అని. అంటే, వల వేసే హక్కు పాడుకున్నవాళ్ళది. మనిషికొక గాలంతో గట్టున కూర్చుని, అమ్ముకోకుండా, ఇంటి కూర మట్టుకు పట్టుకునే హక్కు ఊళ్ళో అందరిదీ. ఇది ఎక్కడా రాసి లేదు. అందరికీ తెలుసు, అంతే.

అత్తయ్యగారు వాడపల్లి అవతల లంకలో పుట్టి పెరిగిన మనిషి. నడవడంతో పాటే గాలం వేయడం నేర్చుకున్నానని చెప్పేవారు. కాపరానికొచ్చిన కొత్తలో కర్ర పట్టుకుని మడుగు గట్టుకి వెళితే, 'కొబ్బరితోటలున్న ఇంటి కోడలికి ఇదేం ఖర్మ' అని వాళ్ళ అత్తగారు నెత్తి కొట్టుకున్నారట.

"మరి మీరేమన్నారండీ?" అని అడిగాను ఒకసారి.

"తోటలో చేపలు కాయవు కదండీ అన్నాను. కొన్నాళ్ళు నాతో మాట్టాడలేదనుకో. ఆ తరవాత జెల్లల పులుసు మారు పోయించుకుని మరీ తిన్నారు."

ఆవిడ వేషం చూడాల్సిందే. పాత నేతచీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని, నెత్తిన తువ్వాలు చుట్టుకుని, పాలపొడి డబ్బాలో తడిమట్టీ వానపాములూ పోసుకుని బయల్దేరేవారు. నేను ఎదురొస్తే, "రా అమ్మాయ్, పనేం పారిపోదు" అనేవారు. గట్టు మీద కూర్చుంటే ఊరి కబుర్లన్నీ ఆవిడ దగ్గరే. కాని బెండు కాస్త మునిగిందా, మాట మధ్యలో ఆగిపోవాల్సిందే. మన ఇంట్లో గొడవ మనం కళ్ళనీళ్ళు పెట్టుకుని చెబుతున్నా సరే, చెయ్యి అడ్డం పెట్టి "ఆగు" అనేసేవారు. వేలెడంత పిల్లచేప తగిలితే కొక్కెం విప్పి, "నువ్వెళ్ళి మీ అమ్మని పంపించు" అని నీళ్ళలో వదిలేసేవారు.

ఓ పూట ఎంతసేపటికీ ఏమీ పడలేదు. నాకు విసుగొచ్చి, "ఇంకేం పడతాయండీ, పోదాం రండి" అన్నాను. ఆవిడ నీళ్ళ మీంచి చూపు తీయలేదు. "దానికి ఆకలేసేదాకా మనం ఉండాలమ్మాయ్. మనకి ఆకలేసి లేచిపోతే అదే గెలిచినట్టు" అన్నారు. చేపని గురించే అన్నారనుకున్నాను. తరవాత తరవాత చూస్తే, మనుషులతోనూ ఆవిడది అదే పద్ధతి.

కొన్నేళ్ళ కిందట వేలం పొరుగూరాయన పాడుకున్నారు, అప్పట్నుంచి ఏటా పాట ఆయనదే. రొయ్యల చెరువుల్లో పైకొచ్చిన మనిషి. మాటకి ముందో అండీ, వెనకో అండీ. నిండు వేసవిలో మనుషుల్ని పెట్టి మడుగు చుట్టూ, నీటి అంచుకి కాస్త ఎగువన, సిమెంటు స్తంభాలు పాతించి ముళ్ళకంచె వేయించారు. 'కంచె లోపల చేపలు పట్టరాదు' అని బోర్డు కూడా పెట్టించారు. రొయ్యల చెరువులో నీరు మనం పెట్టుకున్నంతే ఉంటుంది. గోదారి నీరు అలా మాట వినదని ఆయనకి తట్టలేదు. మాకు తెలుసు. అడక్కుండా చెప్పడం ఎందుకని ఊరుకున్నాం.

శ్రావణంలో గేట్లు ఎత్తారు. కంచె ఏకంగా మునిగిపోయింది. వరద తీసినా మడుగు ఇంకా గట్టు దాకా పరుచుకునే ఉంది. స్తంభాల తలలు మాత్రం నీళ్ళ మధ్యలో కనబడుతున్నాయి. అత్తయ్యగారు ఎప్పుడూ కూర్చునే చోటే కూర్చుని, కంచెకి ఇవతల నీళ్ళలో గాలం వేశారు. పాటదారుగారు బండేసుకుని వచ్చారు.

"ఏంటండీ ఇది? బోర్డు చూడలేదాండీ?"

"చూశానండీ. కంచె లోపల పట్టకూడదన్నారు. నేను లోపలికి రాలేదు. నీళ్ళే బయటికొచ్చేయి."

గట్టు మీదున్న ఆడవాళ్ళం పైటచెంగులు నోట్లో కుక్కుకున్నాం. ఆయన బోర్డు కేసి చూసి, నీళ్ళ కేసి చూసి, బండెక్కి వెళ్ళిపోయారు.

నీళ్ళు తగ్గి కంచె లోపలికి వెళ్ళిపోయాక మాత్రం నవ్వులాట అయిపోయింది. ఆయన మా వీధిలో ఉండే మనిషినే కాపలాకి పెట్టారు. అత్తయ్యగారు ముళ్ళతీగ కింది వరస ఎత్తి, దూరి వెళ్ళి కూర్చున్నారు. ఆ వయసులో. వీపు గీరుకుపోయి రవిక చిరిగింది. కాపలా మనిషి పాపం దగ్గరికెళ్ళి బతిమాలుకున్నాడు.

"లేవండి అత్తయ్యగారూ. మిమ్మల్ని లేపమన్నారండీ. లేపకపోతే నా పని పోద్దండీ."

"లేపావు కదా. నేను లేవనన్నానని వెళ్ళి చెప్పు. నీ పని నువ్వు చేసినట్టే, నా పని నేను చేసినట్టే."

"ఆయ్" అని అతను వెళ్ళి అక్షరం పొల్లుపోకుండా అలాగే చెప్పాడట.

చివరికి పంచాయతీ ఆఫీసు వరండాలో పెద్దలు కూర్చున్నారు. వాళ్ళకి ఎవరితోనూ చెడకూడదు. కాసేపు గుసగుసలాడుకుని, "పెద్దవారు, మీ సరదా మేమెందుకు కాదంటామండీ? మీ ఒక్కరికీ వదిలెయ్యమని చెబుతాం. మిగతా ఎవరూ రాకుండా చూసుకుంటే సరి" అని తీర్పు చెప్పారు. పాటదారుగారు కూడా తలూపారు. ఆ మాటకి ఇంకెవరైనా దణ్ణం పెట్టి వచ్చేసేవాళ్ళు.

"నా ఒక్కదానికైతే నాకక్కర్లేదండీ" అన్నారు అత్తయ్యగారు. "ఇవాళ నాకిచ్చినట్టే ఇచ్చి, నేను పోయాక గట్టుకి తాళం వేస్తారు. అందరికీ వదలండి. లేదంటారా, రేపు కూడా దూరే వెళతాను. నా దగ్గర ఇంకా చాలా రవికలున్నాయి."

వరండా అంతా గొల్లున నవ్వింది. బోర్డు పీకేశారు. మనిషి పట్టేంత మేర కంచె తీసి దారి వదిలారు. ఆ తరవాత పాటదారుగారు మంచి చేసుకుందామని అప్పుడప్పుడూ పెద్ద పెద్ద బొచ్చెచేపలు ఆవిడింటికి పంపేవారు. ఆవిడ తెచ్చినవాళ్ళకి మజ్జిగ ఇచ్చి, చేపని తిప్పి పంపేసేవారు. "ఆయన పంపింది తింటే ఆయన దయ తిన్నట్టు. మనదాన్ని మనం తినాలి గాని" అనేవారు.

ఇందులో ఆవిడకి నచ్చనిది ఒకటే. దారైతే వచ్చింది గాని నడిచేవాళ్ళు తగ్గిపోయారు. చేపలు ఇంటి ముందుకే బండి మీద వస్తున్నాయి, గట్టున కూర్చునే ఓపిక ఎవరికుంది? వాళ్ళ కోడలే ముందు నామోషీ పడేది. ఆ అమ్మాయి కొత్తపేటలో బళ్ళో లెక్కలు చెబుతుంది. "మా టీచర్లు బస్సులోంచి చూస్తున్నారండీ అత్తయ్యా" అంటే, "చూస్తే చెయ్యి ఊపకపోయావా" అన్నారు ఈవిడ.

ఈ వేసవిలో ఆవిడకి ఆయాసం మొదలైంది. మంచం పట్టారని తెలియగానే, వదిలిన దారికి ఇనప గేటు వచ్చింది. దానికి తాళం. ఆ సంగతి నేనే మోసుకెళ్ళాను. బాధపడతారనుకున్నాను. దిండుకి ఆనుకుని పగలబడి నవ్వారు. "మంచంలో ఉన్న ముసల్దాని కోసం తాళం కొన్నాడంటే, చూడు, ఇంకా ఎంత భయమో" అన్నారు. కాస్త ఊపిరి తీసుకుని, "లేచాక చూద్దాం" అన్నారు. లేవలేదు.

పెద్దకార్యం రోజు భోజనాలకి పాటదారుగారూ వచ్చారు. మైల రోజుల్లో పొయ్యి మీదకి నీచు ఎక్కదు. పెద్దకార్యం మర్నాడు చేపో మాంసమో వండి, పోయినవారి పేర ఒక ముద్ద తీసి పెట్టి, అందరూ తిన్నాకే ఇల్లు మళ్ళీ మామూలు ఇల్లవుతుంది. దాన్ని మావైపు నీచు కలపడం అంటారు. ఆయన చెయ్యి కడుక్కుంటూ, "రేపు నీచుకి చేప నా పూచీ అండీ. పొద్దున్నే వల తీయిస్తాను. ఆవిడ నాకూ తల్లిలాంటివారేనండీ" అన్నారు. అత్తయ్యగారి అబ్బాయి అలసిపోయి ఉన్నాడు, "అలాగేనండి" అనేశాడు. పక్కనున్న పెద్దాయన ఒకరు, "ఇంకనేం, ఆ గేటు గొడవ కూడా తీరిపోయినట్టే" అన్నారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. నోరు తెరిచేలోగా, మజ్జిగ పోస్తున్న కోడలు చెంబు కింద పెట్టింది.

"వద్దండీ" అంది.

"ఏవమ్మా, బజార్లో కొంటారా?"

"లేదండీ. మడుగులో పట్టుకుంటాం. గాలంతో."

"ఎవరు పట్టేదమ్మా?"

"నేనేనండీ."

"నీకేం వచ్చని?" అన్నాడు మొగుడు మెల్లగా. "అమ్మే లేదు. ఇంకా ఎందుకు గొడవ?"

"ఆవిడ తిప్పి పంపేసిన చేపే ఆవిడకి పెట్టమంటారా? పెడితే మీరు తినండి. నేను ముట్టను" అంది. జీవితంలో గాలం పట్టుకుని ఎరుగదు ఆ పిల్ల. ఆ మాటకి నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, ఇందాకటి కోపమంతా ఏమైపోయిందో తెలీదు.

మర్నాడు పొద్దున్నే నేనూ, కోడలూ, ఇంకో ఇద్దరు ఇరుగుపొరుగువాళ్ళూ మడుగుకి వెళ్ళాం. కాపలా మనిషి గేటు దగ్గరే ఉన్నాడు. మమ్మల్ని చూసి లేచి నిలబడ్డాడు. జేబులోంచి తాళంచెవి తీసి, తాళం విప్పి, "టీ తాగొస్తానండీ. గేటు వేసే ఉందనుకుంటున్నాను" అని మా మొహాలు చూడకుండా వెళ్ళిపోయాడు.

మా నిర్వాకం చెప్పుకోకూడదు. ఒకరి దారం ఒకరికి చుట్టుకుంది. కొక్కెం నా చీరకే తగులుకుంది. వానపాముని గుచ్చడానికి కోడలు కళ్ళు మూసుకుంది. చాలాసేపటికి ఒక జెల్ల పడింది, అరచెయ్యంత. పట్టుకోవడం తెలియక గుప్పిట బిగించేసరికి దాని ముల్లు బొటనవేలి పక్కన దిగిపోయింది. జెల్ల ముల్లంటే మాటలు కాదు, భుజం దాకా సలుపుతుంది. ఆ పిల్ల పళ్ళు బిగబట్టింది గాని చేపని మాత్రం వదల్లేదు.

అప్పుడే బండి చప్పుడైంది. పాటదారుగారు దాన్ని గేటుకి అడ్డంగా ఆపి దిగారు. కోడలి చేతిలో జెల్లనీ, మణికట్టు మీదుగా కారుతున్న రక్తాన్నీ చూసి తల అడ్డంగా ఊపారు.

"ఎందుకమ్మా ఈ కష్టం? అంత చేప ఇంటినిండా ఉన్న చుట్టాలకి ఏం సరిపోద్దండీ?"

కోడలు జెల్లని బాల్చీలో వేసి, చెయ్యి చీరకి తుడుచుకుంది. "సరిపోయేదాకా ఉంటాం లెండి" అంది. మళ్ళీ వానపాముల డబ్బాలో చెయ్యి పెట్టింది. ఈసారి కళ్ళు మూసుకోలేదు.

ఆయన వెనక్కి తిరిగారు. వెనక గట్టు మీద మాటలు వినబడుతున్నాయి. మా వీధి ఆడవాళ్ళు వరసగా వస్తున్నారు. ఒకామె చేతిలో బట్టలారేసుకునే వెదురు, ఇంకొకామె చేతిలో దడిలోంచి పీకిన కర్ర, వాటికి ఇంట్లో దొరికిన దారాలు. గేటు దగ్గరికొచ్చి ఆగి, "కాస్త బండి తీస్తారాండీ" అని ఎంతో మర్యాదగా అడిగారు. ఆయన స్టాండు తీసి, బండి నెట్టుకుంటూ పక్కకి జరిగారు.